ఉన్న ఒక్క ఫోన్‌తో ప్రయోగం వద్దు!

ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో నాకు ఉన్నది ఒకే ఒక్క ఫోన్. 2018లో ఒక శుక్రవారం రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని ఆ ఫోన్‌ను నా చేతులతో నేనే చంపేసుకున్నాను. ఆ సోమవారం ఒక కంపెనీ ఆఫ్‌క్యాంపస్ టెస్టు. ఆ టెస్టు నేను రాయలేదు. చదవక కాదు, సిలబస్ రెండుసార్లు తిప్పేశాను. టెస్టు లింకు వచ్చిన మెయిల్‌ను తెరవలేకపోయాను, అంతే.

ఈ పేజీ చదివేవాళ్లలో సగం మందైనా ఏదో ఒక రోజు ఫోన్‌ను రూట్ చేయాలనో, కస్టమ్ రామ్ ఎక్కించాలనో అనుకునే ఉంటారు. ర్యామ్ కాదండీ, రామ్. కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్‌ను తీసేసి, దాని స్థానంలో వేరేవాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్‌ను పెట్టుకోవడం. ‘చేయొద్దు’ అని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. నేను ఈరోజు చేస్తున్న పనికి మొదటి పాఠాలు అక్కడే నేర్చుకున్నాను. నేను చెప్పేది ఒక్కటే: ఉద్యోగం వెతుక్కుంటున్న రోజుల్లో, ఉన్న ఒక్క ఫోన్ మీద, బ్యాకప్ లేకుండా ఆ పని చేయకండి. నేర్చుకోవాలని ఉంటే దానికి సరైన దారి వేరే ఉంది. రెండూ చెబుతాను.

ఆ రాత్రి జరిగింది ఇదీ

నా ఫోన్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్త ఆండ్రాయిడ్ కావాలని నెట్‌లో వెతికితే నా మోడల్ పేరుతోనే ఒక జిప్ ఫైల్ దొరికింది. ఎక్కించబోతే రికవరీ తెర మీద ‘ఎర్రర్ 7’ అని ఎర్ర అక్షరాలు. ఆ సంఖ్యను వెతికితే ఒక వీడియో వచ్చింది. జిప్ లోపల ఒక స్క్రిప్టు ఉంటుందని, అందులో ‘అసర్ట్’ అనే పదంతో మొదలయ్యే లైను తీసేస్తే సరిపోతుందని అందులో చెప్పారు. తీసేశాను. ఈసారి ఏ ఎర్రరూ లేకుండా ఎక్కింది. రీబూట్ నొక్కాను. తెర నల్లబడింది. మళ్లీ వెలగలేదు.

ఆ లైను ఎందుకుందో నాకు తర్వాత తెలిసింది. ‘ఈ ఫైల్ ఈ ఫోన్‌కు చెందినదేనా?’ అని అడగడమే దాని పని. నా మోడల్ పేరుతో కంపెనీ రెండు రకాల ఫోన్లు అమ్మింది. పేరు ఒకటే, డబ్బా ఒకటే, లోపలి ప్రాసెసర్ వేరు. నేను దించుకున్న ఫైల్ రెండోదానికి చెందింది. అందులో రామ్ ఒక్కటే కాదు, బూట్‌లోడర్ ఫైళ్లు కూడా ఉన్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపుతుంటే, వాచ్‌మన్‌నే తీసేసి లోపలికి వెళ్లినట్టు చేశాను నేను.

శనివారం పొద్దున్నే అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు పరుగెత్తాను. ఒక రిపేర్ షాపు అన్న ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి చూసి, ‘సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించొచ్చు తమ్మీ, గానీ లోపల ఉన్నదేదీ మిగలదు. పార్టు కోసం రెండు రోజులు ఆగాలె’ అన్నాడు. సిమ్ తీసి రూమ్మేట్ దగ్గరున్న కీప్యాడ్ ఫోన్‌లో వేసుకున్నాను. ఫోన్ కాల్స్, ఓటీపీలు వస్తాయి కదా, ఇంకేం కావాలనుకున్నాను.

మెయిల్ తెరవబోతే అసలు కథ అప్పుడు మొదలైంది. నా మెయిల్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకున్నాను. ఎస్సెమ్మెస్ కంటే సురక్షితమని ఎక్కడో చదివి, అథెంటికేటర్ యాప్ మాత్రమే ఉంచి ఫోన్ నంబర్ ఆప్షన్ తీసేశాను. ఆ యాప్ చనిపోయిన ఫోన్‌లో ఉంది. అప్పట్లో అందులోని కోడ్లు ఆ ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లేవి కావు. అత్యవసరానికి ఇచ్చే బ్యాకప్ కోడ్లు ఎక్కడ పెట్టానంటే, అదే ఫోన్‌లో, స్క్రీన్‌షాట్ తీసి! అకౌంట్ రికవరీకి పెట్టుకుంటే కొన్ని రోజులు ఆగమంది. నేను మెయిల్ తెరిచేసరికి బుధవారం అయింది. టెస్టు సోమవారం అయిపోయింది.

తప్పు వీడియో చేసినవాడిది కాదు, ఫోన్ కంపెనీది కాదు. ఎర్రర్ ఏం చెబుతోందో చదవకుండా దాని నోరు మూయించింది నేను. ఈ అలవాటు ఫోన్‌తో ఆగదు. కోడ్ రాసేటప్పుడూ చాలామంది ఇదే చేస్తారు.

రూట్ అంటే అసలేమిటి?

ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లినక్స్ కెర్నల్. లినక్స్‌లో ప్రతి యూజర్‌కూ ఒక నంబర్ ఉంటుంది. సున్నా నంబర్ యూజర్ పేరు రూట్. సిస్టమ్‌లో అన్ని ఫైళ్లనూ తెరిచే, మార్చే అధికారం అతనిదే. ఆండ్రాయిడ్ రూపకర్తలు చేసిన తెలివైన పని ఏమిటంటే, మనం ఇన్‌స్టాల్ చేసే ప్రతి యాప్‌నూ విడి యూజర్‌గా లెక్కించడం. అపార్ట్‌మెంట్‌లో ఒక్కో ఫ్లాట్‌కు ఒక్కో తాళంచెవి ఉన్నట్టు. గేమ్ యాప్ వెళ్లి బ్యాంకు యాప్ ఫైళ్లు చదవలేదు. రూట్ అంటే అన్ని ఫ్లాట్లనూ తెరిచే మాస్టర్ కీ. అది మీ చేతిలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. మీరు ‘అలౌ’ నొక్కిన యాప్ చేతికి వెళ్లాక, అది ఏ తలుపు తెరుస్తుందో మీకు తెలియదు. ‘ఒక్క క్లిక్‌తో రూట్’ అని ఊరించే యాప్‌ల దగ్గర ఆగాల్సింది ఇందుకే. మీ ఫోన్‌లోని లోపాన్ని వాడుకుని లోపలికి దూరగలిగిన యాప్, లోపలికి వెళ్లాక మర్యాదగా ఉంటుందని హామీ ఏముంది?

ఇక బూట్‌లోడర్. పవర్ బటన్ నొక్కగానే మొదట నడిచే ప్రోగ్రాముల్లో ఇదొకటి. కెర్నల్‌ను లోడ్ చేసేముందు దాని మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉందో లేదో చూస్తుంది. లేకపోతే ముందుకు పోనివ్వదు. ‘బూట్‌లోడర్ అన్‌లాక్’ అంటే ఈ తనిఖీని సడలించడం. అన్‌లాక్ చేసిన క్షణంలో ఫోన్‌లోని డేటా మొత్తం చెరిగిపోతుంది. ఇది కంపెనీ కక్షతో పెట్టింది కాదు. మీ ఫోన్ కొట్టేసినవాడు బూట్‌లోడర్ తెరిచి, తన సాఫ్ట్‌వేర్ పెట్టి మీ ఫొటోలు, మెసేజ్‌లు చదవకుండా ఉండాలంటే, తలుపు తెరిచేలోపు ఇల్లు ఖాళీ అయిపోవాలి. అందుకే ఆ నిబంధన.

కస్టమ్ రామ్‌ల కథ కూడా ఒకసారి వినాలి. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ 2008లో వచ్చింది. మరుసటి ఏడాదే స్టీవ్ కోండిక్ అనే ఇంజినీర్ సైనోజెన్‌మాడ్‌ను మొదలుపెట్టాడు. ఆండ్రాయిడ్ సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉండటం వల్లే ఇది సాధ్యమైంది. 2014లో వన్‌ప్లస్ వన్ ఫోన్ ఆ సాఫ్ట్‌వేర్‌తోనే మన మార్కెట్లోకి వచ్చింది. 2016 డిసెంబరులో సైనోజెన్‌మాడ్ మూతపడింది. కానీ కోడ్ అందరిదీ కాబట్టి, అదే నెలలో వలంటీర్లు దాన్ని లినేజ్ ఓఎస్ పేరుతో కొనసాగించారు. ఇప్పటికీ నడుస్తోంది. కంపెనీ పోయినా కోడ్ బతుకుతుందని ఓపెన్‌సోర్స్ గురించి చెబుతారు కదా, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

రూటింగ్‌లోనూ అంతే. తైవాన్‌కు చెందిన జాన్ వూ విద్యార్థిగా ఉన్నప్పుడే 2016లో మ్యాజిస్క్ అనే టూల్ రాశాడు. సిస్టమ్ పార్టిషన్‌ను ముట్టుకోకుండా, బూట్ ఇమేజ్‌ను మాత్రమే మార్చి రూట్ ఇవ్వడం దాని ప్రత్యేకత. 2021లో అతను గూగుల్‌లో ఆండ్రాయిడ్ భద్రతా బృందంలో చేరాడు. మరుసటి ఏడాది వచ్చిన మ్యాజిస్క్‌లో, రూట్‌ను యాప్‌లకు కనపడకుండా దాచే పాత సదుపాయాన్ని తీసేశారు. తాళం విప్పడం బాగా తెలిసినవాడే మంచి తాళం చేయగలడు. కంపెనీలకు ఆ సంగతి బాగా తెలుసు.

ఇప్పుడు ఫోన్ అంటే ఫోన్ కాదు

2012లో ఫోన్ చెడితే పాటలు పోయేవి. ఇప్పుడు చెడితే? టెస్టు లింకులు, ఇంటర్వ్యూ కాల్స్, ఓటీపీలు, యూపీఐ, డిజిలాకర్, ఆఫర్ లెటర్... అన్నీ అందులోనే. ఉద్యోగార్థికి ఫోనే హాల్‌టికెట్.

రూట్ చేసినా, బూట్‌లోడర్ తెరిచినా ఆ సంగతి యాప్‌లకు తెలుస్తుంది. ఒకప్పుడు సేఫ్టీనెట్, ఇప్పుడు ప్లే ఇంటిగ్రిటీ అనే గూగుల్ వ్యవస్థ ద్వారా ‘ఈ ఫోన్‌ను నమ్మొచ్చా?’ అని యాప్‌లు అడుగుతాయి. నమ్మొద్దని జవాబొస్తే చాలా బ్యాంకు యాప్‌లు, కొన్ని యూపీఐ యాప్‌లు తెరుచుకోవు. రేపు ఉద్యోగంలో చేరాక ఆఫీసు మెయిల్ పెట్టుకుందామన్నా, చాలా కంపెనీల విధానాలు రూట్ చేసిన ఫోన్లను ఒప్పుకోవు. దాచే మాడ్యూళ్లు ఉన్నాయంటారా? ఉన్నాయి. ఈరోజు పనిచేస్తాయి, రేపు ఒక అప్‌డేట్‌తో ఆగుతాయి. ఇంటర్వ్యూకు బయల్దేరి ఆటో దిగాక స్కాన్ చేయబోతే యాప్ తెరుచుకోకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కొన్ని మార్పులకు వెనకడుగు కూడా లేదు. శాంసంగ్ ఫోన్లలో అనధికార సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే నాక్స్ భద్రతా వ్యవస్థకు చెందిన ఎలక్ట్రానిక్ ఫ్యూజ్ ఒకటి పోతుంది. తర్వాత అసలు సాఫ్ట్‌వేర్ తిరిగి పెట్టినా అది మామూలు కాదు. సెక్యూర్ ఫోల్డర్ లాంటివి ఇక పనిచేయవు. షావోమీ చాలాకాలం అన్‌లాక్ కోసం 168 గంటలు, అంటే వారం రోజులు ఆగమనేది. చాలా ఫోన్లలో అసలు అన్‌లాక్‌కే వీలు లేదు. కొన్నింటిలో యాంటీ రోల్‌బ్యాక్ ఉంటుంది. కొత్త వెర్షన్ మీద పాతది ఎక్కిస్తే ఫోన్ ఇటుకే.

మరో హెచ్చరిక. ఐఎంఈఐ నంబర్ మారుస్తామంటూ కొందరు కనిపిస్తారు. ఆ జోలికి అస్సలు పోకండి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం అలాంటి గుర్తింపు నంబర్లను మార్చడం నేరం. మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఉద్యోగానికి ముందు పోలీస్ వెరిఫికేషన్ ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోండి.

ముందు బ్యాకప్... ఏదైనా ఆ తర్వాతే

మీరు ఎప్పటికీ రూట్ చేయకపోయినా సరే, ఈ భాగం మాత్రం ఈరోజే చేసేయండి. ఫోన్ బస్సులో పోవచ్చు, నీళ్లలో పడొచ్చు. ఫలితం ఒకటే.

మొదటిది, బ్యాకప్ కోడ్లు. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో ఎనిమిదంకెల కోడ్లు పది ఇస్తారు. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి, ఒకటి సర్టిఫికెట్ల ఫైల్‌లో, ఇంకోటి ఇంట్లో అమ్మ దగ్గర పెట్టండి. నా టెస్టును కాపాడగలిగేది ఆ కాగితం ముక్కే.

రెండోది, అథెంటికేటర్ యాప్. గూగుల్ అథెంటికేటర్‌లో 2023 ఏప్రిల్ నుంచి కోడ్లను అకౌంట్‌తో సింక్ చేసుకునే వీలుంది. మీదాంట్లో అది ఆన్‌లో ఉందా లేదా చూసుకోండి. అయితే ఒక మెలిక ఉంది. ఆ అకౌంట్ తెరవడానికే ఆ యాప్ కోడ్ కావాల్సి వస్తే, తాళంచెవిని బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టే. కాబట్టి సింక్ ఉన్నా కాగితం కోడ్లు తప్పవు.

మూడోది, వాట్సాప్. చాట్ బ్యాకప్ చివరిసారి ఏ తేదీన అయిందో సెట్టింగ్స్‌లో చూడండి. ఈ బ్యాకప్ మీ గూగుల్ ఖాతాలోని 15 జీబీలోనే లెక్కకొస్తుంది. అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే, అది మర్చిపోతే ఆ బ్యాకప్ ఉన్నా లేనట్టే.

నాలుగోది, ఫైళ్లు. మార్కుల మెమోలు, రెజ్యుమె, ప్రాజెక్టు రిపోర్టు, ఫొటోలు. మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల స్టోరేజ్‌లలో, ఒకటి ఇంటికి దూరంగా. దీన్నే కంపెనీల్లో 3-2-1 పద్ధతి అంటారు. ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంటే సరిపోయింది.

ఐదోది, అందరూ వదిలేసేది. బ్యాకప్ తీశాక తెరిచి చూడటం. పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి రెండు ఫొటోలు, ఒక పీడీఎఫ్ తెరవండి. తెరుచుకోని బ్యాకప్ బ్యాకప్ కాదు, ధైర్యం కోసం కట్టుకున్న తాయెత్తు.

కస్టమ్ రికవరీలో తీసే పూర్తి బ్యాకప్ గురించి కూడా ఒక అపోహ ఉంది. టీడబ్ల్యూఆర్‌పీ తీసే బ్యాకప్‌లో యాప్‌లు, సెట్టింగులు, సిస్టమ్ వస్తాయి. మీ ఇంటర్నల్ స్టోరేజ్‌లోని ఫొటోలు, డౌన్‌లోడ్లు రావు. పైగా మనం మార్చకపోతే ఆ బ్యాకప్ ఫైల్ సాధారణంగా అదే ఇంటర్నల్ స్టోరేజ్‌లో కూర్చుంటుంది. డేటా ఫార్మాట్ కొడితే బ్యాకప్ కూడా పోతుంది. కంప్యూటర్‌లోకి కాపీ చేసేదాకా అది లెక్కలోకి రాదు.

నేర్చుకోవాలంటే ఇలా...

మొదటి మెట్టుకు అసలు ఫోనే అక్కర్లేదు. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ ఉంటుంది. వర్చువల్ ఫోన్ చేసుకునేటప్పుడు ప్లే స్టోర్ లేని సిస్టమ్ ఇమేజ్‌ను ఎంచుకోండి. టెర్మినల్‌లో ‘ఏడీబీ రూట్’ అని కొడితే చాలు, మీరే రూట్. సిస్టమ్ ఫైళ్లు చూడండి, చెరపండి, పాడుచేయండి. పాడైతే ఒక క్లిక్‌తో కొత్తది. నష్టం సున్నా.

రెండో మెట్టుకు పాత ఫోన్ కావాలి. ఇంట్లో అల్మారాలో పడున్నది తీయండి. లేకపోతే సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకు కొనండి. కానీ కొనేముందే లినేజ్ ఓఎస్ అధికారిక జాబితాలో ఆ ఫోన్ ఉందో లేదో చూడండి. మోడల్ పేరు కాదు, కోడ్‌నేమ్ కలవాలి. ఏడీబీ షెల్‌లో గెట్‌ప్రాప్ కమాండ్‌తో ఆ కోడ్‌నేమ్ తెలుస్తుంది. నేను ఈ ఒక్క పని చేసి ఉంటే నా శుక్రవారం మామూలుగా గడిచేది.

తర్వాత వరస ఇది. ఆ ఫోన్‌కు సరిపోయే కంపెనీ ఒరిజినల్ ఫర్మ్‌వేర్‌ను ముందే దించి పెట్టుకోండి, వెనక్కి రావడానికి దారి అదే. దించిన ప్రతి ఫైల్‌కూ షా-256 సరిచూడండి, ఒక్క బిట్ తేడా ఉన్నా తెలిసిపోతుంది. ఛార్జింగ్ సగం పైన ఉండాలి, కేబుల్ వదులుగా ఉండకూడదు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేసి, ఆ కంపెనీ చెప్పిన పద్ధతిలోనే బూట్‌లోడర్ తెరవండి. అధికారిక పేజీలో ఏ రికవరీ చెప్పారో అదే వాడండి. లినేజ్‌లో గూగుల్ యాప్‌లు ఉండవు, కావాలంటే రామ్ ఎక్కించాక మొదటిసారి బూట్ చేయకముందే వాటిని ఎక్కించాలి. మ్యాజిస్క్ పెట్టాలంటే అదే వెర్షన్ బూట్ ఇమేజ్ తీసుకుని దాన్ని ప్యాచ్ చేయాలి, ఆండ్రాయిడ్ 13తో బజారులోకి వచ్చిన ఫోన్లలో చాలావాటికి ఇనిట్ బూట్ ఇమేజ్. ప్యాచ్ చేయని అసలు ఫైల్‌ను భద్రంగా దాచండి. మోడెమ్, ఐఎంఈఐ సమాచారం ఉండే పార్టిషన్లకు కూడా ముందే కాపీ తీసుకోండి. అవి పోతే ఫోన్ వెలుగుతుంది కానీ సిగ్నల్ రాదు. కస్టమ్ రామ్ ఉండగా బూట్‌లోడర్‌ను మళ్లీ లాక్ చేయకండి, చాలా ఫోన్లు ఆ తర్వాత బూట్ కావు.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక నోట్‌బుక్. ఏ రోజు, ఏ ఫైల్, ఏ కమాండ్, ఏ ఎర్రర్, ఎలా సరిచేశారు. ఇది రాసుకుంటే మీరు చేసింది ఆట కాదు, ఇంజినీరింగ్.

రెజ్యుమెలో ఎలా చెప్పాలి?

‘రూటింగ్, కస్టమ్ రామ్ ఇన్‌స్టాలేషన్ వచ్చు’ అని రెజ్యుమెలో రాసేవాళ్లను చూశాను. వీడియో చూసి పది కమాండ్లు కొట్టడం ఎవరైనా చేస్తారు. ఇంటర్వ్యూలో తర్వాతి ప్రశ్న ‘ఎందుకు’ అని వస్తుంది. అక్కడ నిలబడాలి.

అన్‌లాక్ చేస్తే డేటా ఎందుకు పోతుంది? పవర్ నొక్కినప్పటి నుంచి హోమ్ స్క్రీన్ దాకా ఏమేం జరుగుతాయి? బూట్ రామ్, బూట్‌లోడర్, కెర్నల్, ఇనిట్, జైగోట్, సిస్టమ్ సర్వర్, లాంచర్... ఈ వరసలో ఏది ఎక్కడ ఆగితే తెర మీద ఏం కనిపిస్తుంది? కంపెనీ లోగో దగ్గరే ఆగితే ఒక అర్థం, బూట్ యానిమేషన్ తిరుగుతూనే ఉంటే మరో అర్థం. లాగ్‌క్యాట్‌లో చూడాలా, డీమెసేజ్‌లో చూడాలా? ఆండ్రాయిడ్ 5.0 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన ఎస్‌ఈలినక్స్, రూట్‌ను కూడా ఎలా కట్టడి చేస్తుంది? వీటికి జవాబు చెప్పగలిగితే మీరు రూట్ చేశారని విడిగా చెప్పక్కర్లేదు.

రెజ్యుమెలో ఇలా ఉండాలి: ఫలానా ఫోన్‌కు కంపెనీ ఇచ్చిన సోర్సు నుంచి కెర్నల్ బిల్డ్ చేశాను. బూట్ ఆగితే లాగ్ చదివి కారణం కనుక్కున్నాను. చేసిన మార్పు ఈ గిట్ లింకులో ఉంది. ఇది ఎవరైనా చేయగలరా అంటే, చేయగలరు. లినక్స్ కెర్నల్‌కు ఉన్న జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్సు ప్రకారం ఫోన్ అమ్మే కంపెనీలు తాము వాడిన కెర్నల్ సోర్సు ఇవ్వాలి. మొత్తం ఆండ్రాయిడ్‌ను బిల్డ్ చేయాలంటే గూగుల్ 64 జీబీ ర్యామ్, 400 జీబీ ఖాళీ స్థలం ఉండాలంటుంది. మన ల్యాప్‌టాప్‌లకు అది అందని ద్రాక్ష. కానీ కెర్నల్ ఒక్కటి బిల్డ్ చేయడానికి 8 జీబీ ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది. కాస్త ఎక్కువసేపు పడుతుంది, టీ తాగి రండి.

ఈ నైపుణ్యం ఎక్కడ పనికొస్తుంది? ఫోన్లలోనే అనుకోకండి. షాపుల్లో కార్డు గీకే కొత్త మెషిన్లలో చాలావాటి లోపల ఆండ్రాయిడే. టీవీల్లో, సెట్‌టాప్ బాక్సుల్లో ఉంది. పోల్‌స్టార్ 2తో మొదలై ఆండ్రాయిడ్ నేరుగా కార్ల డ్యాష్‌బోర్డులోకి కూడా వెళ్లింది. చిప్‌లు చేసే క్వాల్‌కామ్ లాంటి కంపెనీలకు హైదరాబాద్‌లోనే పెద్ద కార్యాలయాలున్నాయి. ఉద్యోగ ప్రకటనల్లో బీఎస్పీ ఇంజినీర్, ఆండ్రాయిడ్ ప్లాట్‌ఫామ్ ఇంజినీర్, ఎంబెడెడ్ లినక్స్ డెవలపర్, ఫర్మ్‌వేర్ టెస్టింగ్, మొబైల్ సెక్యూరిటీ అని వెతకండి. యాప్ డెవలపర్ పోస్టుకు వచ్చినంత గుంపు వీటికి రాదు.

నా సంగతి ముగించేస్తాను. టెస్టు పోయాక రెండు నెలలు మొండిగా కూర్చుని, ఆ ఫోన్ ఎందుకు చచ్చిపోయిందో చదివాను. పార్టిషన్ అంటే ఏమిటో, ఆ అసర్ట్ లైను ఎవరి కోసం పెట్టారో అప్పుడు అర్థమైంది. ఎనిమిది నెలల తర్వాత ఒక చిన్న కంపెనీ టెస్టింగ్ టీమ్ ఇంటర్వ్యూలో ‘నువ్వు చేసిన పెద్ద తప్పు ఏంటి?’ అని అడిగారు. దాచకుండా ఇదే చెప్పాను. పావుగంట దాని మీదే ప్రశ్నలు నడిచాయి. దానివల్లే ఉద్యోగం వచ్చిందని చెప్పను. కానీ ఆ రోజు నాకు తడబాటు లేకుండా చెప్పడానికి ఏదైనా ఉందంటే అదే. అలాగని ఆ పోయిన టెస్టు తిరిగి రాలేదు. ఆ కంపెనీలో చేరిన నా క్లాస్‌మేట్లు నాకంటే ఎనిమిది నెలలు ముందు జీతం తీసుకున్నారు. మా నాన్న ఆ ఎనిమిది నెలలూ ఒక్క మాట అనకుండా హైదరాబాద్‌కు గది అద్దె పంపారు. పాఠానికి నేను కట్టిన ఫీజు అది. మీరు కట్టక్కర్లేదు.

కాలేజీలకు ఒక మాట

మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో 8085, 8086 కిట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఉండనివ్వండి, మూలాలు నేర్పుతాయి. వాటి పక్కన ఒక సొరుగులో పది పాత ఫోన్లు కూడా పెట్టండి. అధ్యాపకుల ఇళ్లలో, సీనియర్ల దగ్గర వాడకుండా పడున్నవి అడిగితే చాలు, పైసా ఖర్చు లేదు. సెమిస్టర్‌కు నాలుగు తరగతులు: బ్యాకప్, అన్‌లాక్, కెర్నల్ బిల్డ్, చచ్చిన ఫోన్‌ను బతికించడం. పిల్లలు ఎలాగూ హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి చేస్తున్నారు. ల్యాబ్‌లో పగటిపూట చేస్తే, ఫోన్ పోయినా టెస్టు పోదు.

కంపెనీలు కూడా ఒక విషయం ఆలోచించాలి. అప్‌డేట్లు ఆపేశాక కూడా బూట్‌లోడర్‌కు తాళం ఎందుకు? ఇంకో మూడేళ్లు నడిచే ఫోన్ ఆ తాళం వల్లే చెత్తబుట్టలోకి వెళ్తోంది. భద్రత పేరుతో వాడుకలో ఉన్న ఫోన్‌ను మూసి ఉంచడంలో న్యాయం ఉంది. కంపెనీయే వదిలేసిన ఫోన్‌ను కొన్నవాడికి కూడా తెరవనివ్వకపోవడంలో లేదు.

ఇక మీ వంతు. ఇది చదవడం అయ్యాక ఫోన్ తీయండి. రూట్ చేయడానికి కాదు. ఆ పది బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసుకోవడానికి. పది నిమిషాల పని. అది అయ్యాక పాత ఫోన్ కోసం అల్మారా వెతకండి.